తుపాకీ దుకాణం తాళాలు, రిజిస్టర్లు, రసీదులు: సికింద్రాబాద్ లైసెన్స్‌దారులు తరచూ అడిగే ప్రశ్నలు

సికింద్రాబాద్ కంటోన్మెంటుగా పుట్టి ఊరుగా పెరిగింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న నాటి నుంచీ ఇక్కడ తుపాకీ వింత వస్తువు కాదు. తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్, సైనిక్‌పురి వైపు వెళ్తే రిటైరైన సైనికుల ఇళ్లు వీధివీధినా కనిపిస్తాయి. వాళ్లలో కొందరు బ్యాంకుల గేట్ల దగ్గర, నగదు తరలించే బళ్ల మీద గన్‌మన్‌లుగా పనిచేస్తున్నారు. కొన్ని పాత కుటుంబాల్లో తాతల వేటకాలం నాటి డబుల్ బ్యారెల్ తుపాకులు ఇంకా ఉన్నాయి. ఈ ఆయుధాలన్నీ కొనడానికో, బాగుచేయించడానికో, దాచడానికో ఎప్పుడో ఒకప్పుడు లైసెన్స్ ఉన్న దుకాణం మెట్లెక్కుతాయి.

అందుకే ఆ దుకాణం తాళం ఒక్క యజమాని సొంత వ్యవహారం కాదు. దుకాణంలోంచి దొంగ ఎత్తుకెళ్లిన తుపాకీ ఆ క్షణం నుంచి లైసెన్స్ లేని తుపాకీ. పోలీసు రికార్డులో నంబరు ఉంటుంది, వస్తువు మాత్రం ఎవరి చేతిలో ఉందో తెలియదు. డీలర్లు, వాళ్ల దగ్గర ఆయుధాలు ఉంచేవాళ్లు, పక్క షాపువాళ్లు అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి.

ఏ చట్టం వర్తిస్తుంది? అధికారి ఎవరు?

మూలం 1959 నాటి ఆయుధాల చట్టం. దాని కింద 2016 జూలై 15న కొత్త ఆయుధాల నిబంధనలు వచ్చి, 1962 నాటి పాత నిబంధనల స్థానం తీసుకున్నాయి. 2019 డిసెంబరులో చట్టానికి పెద్ద సవరణ జరిగింది. ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. వ్యక్తిగత లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. శిక్షలు పెరిగాయి.

వ్యాపారానికి ఆయువుపట్టు సెక్షన్ 5. తుపాకులు, తూటాలు తయారుచేయడం, అమ్మడం, బదిలీ చేయడం, మార్చడం, బాగుచేయడం, పరీక్షించడం మాత్రమే కాదు, ఈ పనుల కోసం దగ్గర ఉంచుకున్నా లైసెన్స్ కావాలి. అమ్మకం ఒక్కటే లెక్కలోకి వస్తుందనుకునే వాళ్లున్నారు. గోదాంలో పెట్టుకున్నా అదే సెక్షన్ కిందకు వస్తుంది.

చట్టంలో జిల్లా మేజిస్ట్రేటు అని ఉన్న చోట, పోలీసు కమిషనర్ ఉన్న ప్రాంతంలో కమిషనర్ అని చదువుకోవాలి. చట్టమే ఆ నిర్వచనం ఇచ్చింది. కాబట్టి సికింద్రాబాద్‌లో కలెక్టరేటు చుట్టూ తిరగనక్కర్లేదు. అయితే నగరం అంచున ఉన్న కాలనీలకు మాత్రం ఒక జాగ్రత్త: వీధి దాటితే కమిషనరేటు మారిపోయే చోట్లున్నాయి. చిరునామా సికింద్రాబాద్ అని రాసినంత మాత్రాన హైదరాబాద్ కమిషనరేటు అనుకోకండి. మీ పోలీసు స్టేషన్ ఏ కమిషనరేటు కిందకు వస్తుందో ముందు తేల్చుకోండి.

గోడ ఇంత మందం, తలుపు ఇన్ని కిలోలు అని చట్టంలో ఉందా?

1959 చట్టంలో అలాంటి కొలతలు లేవు. భద్రత గురించి డీలరును కట్టిపడేసేవి నిబంధనలు, లైసెన్స్ పత్రం మీది షరతులు, ఆ లైసెన్స్ ఇచ్చిన అధికారి రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశాలు. లైసెన్స్‌లో రాసిన చోట తప్ప మరో చోట సరుకు ఉంచకూడదు. రిజిస్టర్లు రోజువారీగా రాయాలి. అధికారం ఉన్న మేజిస్ట్రేటు గానీ పోలీసు అధికారి గానీ అడిగినప్పుడు సరుకూ పుస్తకాలూ చూపాలి. ఆయుధం పోతే వెంటనే పోలీసులకు చెప్పాలి.

కొలత రాయలేదు కదా అని షట్టరుకు ఒక తాళం వేసి ఇంటికెళ్లిపోతే చెల్లదు. భద్రంగా ఉంచావా అన్న ప్రశ్న దొంగతనం జరిగిన తర్వాత వస్తుంది. అప్పుడు తనిఖీకి వచ్చిన అధికారి ముందు, కోర్టు ముందు జవాబు చెప్పుకోవాల్సింది డీలరే. నా అభిప్రాయంలో ప్రతి డీలరూ తన దుకాణం భద్రతా ఏర్పాట్లను ఒక కాగితం మీద రాసి, ప్లాన్ గీసి, లైసెన్సింగ్ అధికారికి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఎవరూ అడగకపోయినా సరే.

మరి దుకాణంలో కనీసం ఏముండాలి?

ఇక్కడ చెప్పేవాటిలో కొన్ని షరతుల్లోంచి వచ్చినవి, కొన్ని ఆ వ్యాపారంలో ఇంగితమున్న వాళ్లు పాటించేవి.

మొదట భవనం. ఎం.జి.రోడ్డు, అంటే పాత జేమ్స్ స్ట్రీట్, ఆర్.పి.రోడ్డు, అంటే పాత కింగ్స్‌వే, వీటి మీది పాత కట్టడాల్లో దుకాణానికీ దుకాణానికీ మధ్య గోడ ఒక్కటే ఉంటుంది. పైన ఫాల్స్ సీలింగ్. ఆ సీలింగ్ వెనక రెండు షాపుల కప్పూ కలిసిపోయి ఉండే చోట్లున్నాయి. ముందు షట్టరుకు నాలుగు తాళాలు వేసి లాభమేమిటి? పక్క షాపు ఖాళీగా ఉన్న రాత్రి గోడకు కన్నం వేస్తే చాలు. బంగారం దుకాణాల్లో చాలా దొంగతనాలు ఇలాగే జరిగాయి. కాబట్టి ఆయుధాలుండే గదికి నాలుగు వైపులా, పైనా కాంక్రీటో ఇనుప జాలీయో ఉందా అన్నది తాళం కంటే ముందు చూడాలి.

రెండోది బీరువా. గోడకూ నేలకూ బోల్టులతో బిగించని ఇనుప బీరువా నలుగురు మోసుకెళ్లగలిగేది. పగలు అద్దాల వెనక చూపించే తుపాకులు రాత్రి స్ట్రాంగ్‌రూమ్‌లోకి వెళ్లాలి. అద్దాల షోకేసులో రాత్రంతా వదిలేయడం నేరాన్ని పిలిచినట్టే.

మూడోది తుపాకీ స్థితి. లోపల పెట్టే ప్రతి తుపాకీనీ తెరిచి, చాంబరు ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి పెట్టాలి. రైఫిళ్ల బోల్టులు తీసి వేరే చోట దాస్తే ఎత్తుకెళ్లినవాడికి ఇనుప గొట్టమే మిగులుతుంది. ట్రిగ్గర్ గార్డుల గుండా గొలుసు వేసి తాళం పెట్టే పద్ధతి పాతదే అయినా మంచిది. తూటాలు ఆయుధాలున్న బీరువాలో ఉండకూడదు. వేరే గది ఉంటే ఇంకా మంచిది.

నాలుగోది తాళంచెవులు. దొంగతనాల్లో సగం కథ ఇక్కడే ఉంటుంది. రెండు తాళాలు, రెండు చెవులు, ఇద్దరు మనుషులు. ఒక్కరే వచ్చి తెరవలేని ఏర్పాటు. మారు చెవి గల్లాపెట్టెలోనో దేవుడి పటం వెనకో ఉండకూడదు. పని మానేసిన గుమాస్తా దగ్గర చెవి ఉండి ఉంటే తాళాలు మార్చడానికి అయ్యే ఖర్చు చూసుకోకండి. ఎవరి దగ్గర ఏ రోజు చెవి ఉందో రాసి ఉంచాలి.

సీసీ కెమెరాల గురించి ఒక్క మాట. రికార్డరు కౌంటరు పక్కనే ఉంటే దొంగ దాన్నీ పట్టుకుపోతాడు. దాన్ని వేరే చోట పెట్టండి, కరెంటు పోయినా నడిచేలా చూడండి. దుకాణంలో పనికి పెట్టుకునే కుర్రాళ్ల వయసు కూడా చూడాలి. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారు ఆయుధం స్వాధీనంలో ఉంచుకోవడాన్ని సెక్షన్ 9 నిషేధిస్తోంది. పద్దెనిమిదేళ్ల హెల్పరు చేతికి స్ట్రాంగ్‌రూమ్ అప్పగించి యజమాని భోజనానికి వెళ్లడం తగదు.

తూటాలు ఎంత ఉంచవచ్చు? అగ్నిప్రమాదం మాటేమిటి?

ఎంత అన్నది మీ లైసెన్స్ మీద రాసిన సంఖ్యే. దాన్ని దాటి ఒక్క పెట్టె ఉన్నా షరతు ఉల్లంఘనే. విడి మందు ఉంచేవాళ్లు 1884 పేలుడు పదార్థాల చట్టాన్నీ, 2008 పేలుడు పదార్థాల నిబంధనలనూ కూడా చూసుకోవాలి. ఆయుధాల లైసెన్స్ ఒక్కటే చాలుతుందనుకోవద్దు.

అగ్నిప్రమాదం గురించి ఈ ఊళ్లో తేలిగ్గా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాంలో నిద్రలోనే 11 మంది బిహార్ కార్మికులు పోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న రూబీ లాడ్జి కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటలు, పొగ 8 మందిని బలి తీసుకున్నాయి. 2023 జనవరి 19న నల్లగుట్టలో డెక్కన్ మాల్ కాలిపోయింది. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక చనిపోయారు. నాలుగూ సికింద్రాబాద్‌లోనే. ఇవేవీ తుపాకీ దుకాణాలు కావు. కానీ ఒకే మెట్లదారి ఉన్న కాంప్లెక్సుల్లో కింద ఒకరి సరుకు పైన ఇంకొకరి ప్రాణం తీస్తుందని చూపించాయి.

మంటల్లో పడిన తూటా తుపాకీలోంచి పేలినంత వేగంతో దూసుకెళ్లదు. గొట్టం లేదు కాబట్టి ఇత్తడి తొడుగు చీలి ముక్కలు చిమ్ముతుంది. అయినా ఆ శబ్దం, ఆ ముక్కలు అగ్నిమాపక సిబ్బందిని ఆపేస్తాయి. లోపల చిక్కుకున్నవారికి ఆ ఆలస్యమే ప్రాణాంతకం. విడి మందు పెద్ద మొత్తంలో ఉంటే ప్రమాదం వేరే స్థాయిది. అందుకని తూటాల బీరువా విద్యుత్ బోర్డుకూ, ఇన్వర్టర్ బ్యాటరీలకూ, మెట్ల దారికీ దూరంగా ఉండాలి. రంగులు, థిన్నరు, గన్ ఆయిల్ డబ్బాలు ఆ గదిలో పెట్టకండి. మీ దుకాణంలో ఏ మూల తూటాలున్నాయో దగ్గర్లోని ఫైర్ స్టేషన్ అధికారికి ముందే తెలియాలి. ఆ ఒక్క సమాచారం మంటల రాత్రి ఒక ఫైర్‌మన్‌ను కాపాడవచ్చు.

రిజిస్టరు సరిగ్గా ఉంటే చాలదా? రోజూ లెక్కపెట్టాలా?

లెక్కపెట్టాలి. రిజిస్టరు రాసుకోవడం సగం పనే. తయారీదారు పేరు, నంబరు లేదా మరో గుర్తింపు లేని తుపాకీని అమ్మడాన్ని సెక్షన్ 8 నిషేధిస్తోంది. అంటే ప్రతి తుపాకీకీ ఒక గుర్తు ఉంటుంది. బీరువాలో ఉన్న లోహం మీది నంబరూ, పుస్తకంలో సిరాతో రాసిన నంబరూ కలిసి ఉండాలి. దుకాణం మూసేటప్పుడు తుపాకులెన్నో లెక్కపెట్టడం ప్రతి రాత్రీ చేయాలి. వారానికొకసారి నంబరు నంబరూ చదివి సరిపోల్చుకోవాలి. ఇద్దరు సంతకాలు పెట్టాలి.

ఎందుకింత పట్టుదల అంటే, దుకాణాల్లోంచి ఆయుధాలు ఎప్పుడూ గోడ పగలగొట్టే పోవు. లోపలి మనిషి ఒక్కటి తీసి, పుస్తకంలో బాగుచేయడానికి ఇచ్చినట్టు రాస్తే ఆరు నెలల దాకా ఎవరికీ తెలియదు. తనిఖీ రోజున బయటపడితే ఎప్పుడు పోయిందో చెప్పలేని యజమానిని ఎవరు నమ్ముతారు?

జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్ వచ్చాక ప్రతి లైసెన్స్‌దారుకూ ఒక విశిష్ట సంఖ్య ఉంది. అమ్మినా, డిపాజిట్ తీసుకున్నా ఆ సంఖ్య మీ పుస్తకంలో ఉండాలి. ఫొటోకాపీ చూసి సరుకు ఇవ్వకండి, అసలు లైసెన్స్ తీసుకుని చూడండి.

నా తుపాకీని దుకాణంలో దాచుకోవచ్చా? అప్పుడు నాకున్న హక్కులేమిటి?

దాచుకోవచ్చు. లైసెన్స్ గడువు తీరినా, సస్పెండైనా, రద్దయినా, మరే కారణం చేతనైనా ఆయుధం ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసర ఆలస్యం లేకుండా దాన్ని దగ్గర్లోని పోలీసు స్టేషన్ అధికారికి గానీ, లైసెన్స్ ఉన్న డీలరుకు గానీ అప్పగించాలని సెక్షన్ 21 చెబుతోంది. సైన్యంలో పనిచేస్తున్నవారికైతే మూడో దారి ఉంది: తమ యూనిట్ ఆర్మరీ. కంటోన్మెంటు ఊళ్లో ఇది చాలామందికి పనికొచ్చే వెసులుబాటు. లైసెన్స్ బాగానే ఉండి, మీరు ఆర్నెల్లు పిల్లల దగ్గరికి విదేశం వెళ్తున్నా డీలరు దగ్గర భద్రపరచడం తెలివైన పని. తాళం వేసిన ఇంట్లో తుపాకీ వదిలి వెళ్లకండి. డిపాజిట్లు తీసుకునే అనుమతి ఆ డీలరు లైసెన్స్‌లో ఉందో లేదో ముందు అడగండి.

రసీదు విషయంలో మొహమాటపడకండి. మా మీద నమ్మకం లేదా సార్ అని డీలరు నొచ్చుకున్నా సరే. రసీదులో తుపాకీ రకం, బోరు, తయారీదారు పేరు, నంబరు, తూటాల సంఖ్య, తేదీ, నెలకు ఎంత రుసుము, ఇచ్చేటప్పుడు దాని స్థితి ఉండాలి. నంబరు ఉన్న చోట, గొట్టం లోపల, చెక్క మీది గీతలు మీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తోలు కవర్లో పెట్టి ఇవ్వకండి, వానాకాలం తేమ పట్టి గొట్టం తుప్పెక్కుతుంది.

డబ్బు తీసుకుని ఒకరి వస్తువు దాచేవాడి బాధ్యత ఏమిటో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. ఇంగితమున్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలి. తుప్పు పట్టినా, విరిగినా, మాయమైనా ఆ కొలమానంతోనే చూస్తారు. రుసుము చెల్లించిన సేవలో లోపం కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కూ వెళ్లవచ్చు. ఆ ఫిర్యాదుకు ప్రాణం రసీదే.

డీలరు వైపు కూడా ఒక హక్కుంది. బాగుచేయడానికి ఇచ్చిన తుపాకీకి కూలి ఇవ్వకపోతే, ఇచ్చేదాకా దాన్ని అట్టే పెట్టుకోవచ్చు. కానీ మీ అనుమతి లేకుండా దాన్ని మరొకరికి అమ్మే అధికారం ఆయనకు లేదు.

బాగుచేయించడానికి మా అబ్బాయితో పంపవచ్చా?

సెక్షన్ 3లో ఒక మినహాయింపు ఉంది. లైసెన్స్‌దారు సమక్షంలో గానీ, ఆయన రాతపూర్వక అనుమతితో గానీ, బాగుచేయించడానికో లైసెన్స్ రెన్యువల్‌కో మరొకరు తీసుకెళ్లవచ్చు. మాటతో చెప్పి పంపితే కుదరదు. తేదీ, తుపాకీ నంబరు, దుకాణం పేరు రాసి సంతకం చేసిన కాగితం, లైసెన్స్ అబ్బాయి చేతిలో ఉండాలి. అతనికి ఇరవై ఒక్క ఏళ్లు నిండి ఉండాలి. దారిలో టీ తాగడానికి బండి మీద వదిలేసి వెళ్లే రకమైతే మీరే వెళ్లండి.

ఎన్నికలప్పుడు అందరూ అప్పగించాల్సిందేనా?

తెలంగాణలో 2023 నవంబరు 30న శాసనసభ పోలింగ్, 2024 మే 13న లోక్‌సభ పోలింగ్ జరిగాయి. ఆరు నెలల్లోపు రెండుసార్లు. ఇలాంటప్పుడు స్టేషన్లూ దుకాణాలూ డిపాజిట్లతో నిండిపోతాయి. ఎన్నికల సంఘం సూచనల ప్రకారం లైసెన్సులను పరిశీలించడానికి ఒక స్క్రీనింగ్ కమిటీ ఉంటుంది. బెయిలు మీద ఉన్నవారు, నేర చరిత్ర ఉన్నవారు, పాత ఎన్నికల్లో గొడవల్లో ఉన్నవారు మొదట దాని దృష్టిలోకి వస్తారు. బ్యాంకు కాపలాదారులకు, పోటీల్లో పాల్గొనే షూటర్లకు మినహాయింపులు ఇస్తారు. కానీ అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. డిపాజిట్ చేసిన ఆయుధాలను ఫలితాలు వెలువడిన వారం తర్వాత లైసెన్స్‌దారులకు తిరిగి ఇచ్చేయాలి.

ఈ రద్దీలోనే భద్రత సడలుతుంది. యాభై తుపాకులకు సరిపోయే స్ట్రాంగ్‌రూమ్‌లో వంద పట్టించి, మిగిలినవి కౌంటరు కింద సంచుల్లో పెట్టే దుకాణం దగ్గర మీ ఆయుధం ఉంచకండి. చోటు లేదని చెప్పి స్టేషన్‌కు పంపించే డీలరే నిజాయితీపరుడు.

నాన్నగారు పోయారు. బీరువాలో ఆయన తుపాకీ ఉంది. ఏం చేయాలి?

లైసెన్స్ ఆయనతోనే పోయింది. తుపాకీ ఆస్తిగా వారసులకు రావచ్చు, దాన్ని ఇంట్లో ఉంచుకునే హక్కు మాత్రం రాదు. కర్మకాండల హడావుడిలో దీన్ని నెలల తరబడి మర్చిపోయే కుటుంబాలు చాలా ఉన్నాయి. పెద్దకర్మ అయ్యేదాకా కూడా ఆగవద్దు. స్టేషన్‌కో డీలరుకో ఫోన్ చేసి, చెప్పినట్టు అప్పగించి రసీదు తీసుకోండి. తుపాకీ తెరవడం రాకపోతే ముట్టుకోకండి, లోపల తూటా ఉందో లేదో తెలియదు. అమ్మగారు ఒక్కరే ఉంటే ఆమెతో స్టేషన్ మెట్లు ఎక్కించకుండా ఇంటికి వచ్చి తీసుకోమని స్టేషన్ అధికారిని అడగండి.

అప్పగించిన తర్వాత గడువు లోపల వారసుడు లైసెన్స్ తెచ్చుకుని తిరిగి తీసుకోవచ్చు, లేదా లైసెన్స్ ఉన్న మరొకరికి అమ్మించవచ్చు. ఆ హక్కు సెక్షన్ 21లోనే ఉంది. గడువు దాటితే ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది, అయితే ముందు నోటీసు ఇవ్వాలి. మీకు ఇప్పటికే రెండు తుపాకులుంటే వారసత్వంగా వచ్చిన మూడోది ఉంచుకోవడానికి 2019 సవరణ ఒప్పుకోదు. ఏ మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్న పురాతన ఆయుధానికి సెక్షన్ 45 మినహాయింపు ఇస్తుంది. అది పేలదని తేల్చాల్సింది నిపుణుడు, మీ బాబాయి కాదు.

దుకాణం మూతపడితే మా డిపాజిట్లు ఏమవుతాయి?

యజమాని మరణించినా, లైసెన్స్ రద్దయినా ఆ సరుకు మొత్తం చట్టబద్ధత కోల్పోతుంది. అమ్మకాలు ఆగిపోతాయి. సరుకూ డిపాజిట్లూ స్టేషన్‌కో మరో డీలరుకో చేరాలి. మీ తుపాకీ మీదే, దుకాణం ఆస్తిలో భాగం కాదు. వాళ్ల అప్పులవాళ్లకు దాని మీద హక్కు లేదు. విషయం తెలిసిన రోజే రసీదు నకలుతో లైసెన్సింగ్ అధికారికి దరఖాస్తు పెట్టండి.

సెక్యూరిటీ ఏజెన్సీ తన గన్‌మన్‌ల తుపాకులు ఆఫీసులో ఉంచవచ్చా?

మాజీ సైనికుల సొంత లైసెన్సుల మీద నడిచే ఏజెన్సీలకు ఈ ప్రశ్న ముఖ్యం. ఏజెన్సీకి 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద అనుమతి ఉండవచ్చు. అది ఆయుధాలు దాచే లైసెన్స్ కాదు. గన్‌మన్ పేరు మీద ఉన్న తుపాకీ గన్‌మన్ స్వాధీనంలోనే ఉండాలి. షిఫ్టు దిగాక పది తుపాకులు ఒకే బీరువాలో పెట్టి, చెవి సూపర్‌వైజరు జేబులో వేసుకుంటే, ఆ పది ఆయుధాలూ లైసెన్స్ లేనివాడి స్వాధీనంలోకి వెళ్లినట్టే. చిక్కుల్లో పడేది రిటైరైన జవానే. పెన్షన్‌కు తోడు నాలుగు డబ్బులు వస్తాయని చేరిన మనిషి మీద కేసు పడకూడదు. ఏజెన్సీ తుపాకీ అడిగితే ఇవ్వనని చెప్పే హక్కు ఆయనకుంది.

దొంగతనం జరిగితే మొదట ఏం చేయాలి?

పోలీసులకు ఫోన్. లెక్క తేలాక చెబుదాం, బంధువుల్లో ఎవరైనా తీశారేమో కనుక్కుందాం అని ఆగకండి. ఏదీ ముట్టుకోకుండా బయటికి వచ్చి, రిజిస్టరు చూసి పోయిన నంబర్లు చెప్పండి. అందుకే రిజిస్టరు నకలు దుకాణం బయట ఒకటి ఉండాలి. ఎఫ్‌ఐఆర్ నమోదయ్యాక దాని ప్రతి ఉచితంగా ఇవ్వాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం సంఘటన ఏ స్టేషన్ పరిధిదైనా ఫిర్యాదు తీసుకోవాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే రాతపూర్వకంగా డీసీపీకి పంపండి. డిపాజిట్ చేసినవారికి కూడా డీలరు ఆ రోజే చెప్పాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి పద్ధతి అడుగుతుంటారు. అక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం డీలరు తన సరుకులో తుపాకీ పోయిందని గుర్తించిన 48 గంటల్లో కేంద్ర సంస్థ ఏటీఎఫ్‌కూ, స్థానిక పోలీసులకూ చెప్పాలి. రాత్రి దుకాణంలో ఎలా భద్రపరచాలన్నది మాత్రం ఎక్కువగా రాష్ట్రాల ఇష్టం. కాలిఫోర్నియాలాంటి కొన్ని రాష్ట్రాలు కచ్చితమైన షరతులు పెట్టాయి. మన దగ్గర వెంటనే అన్న మాటకు 48 గంటలని అర్థం చెప్పుకోకండి.

శిక్షలేమిటి?

లైసెన్స్ షరతునో నిబంధననో మీరితే సెక్షన్ 30 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ జరిమానా మొత్తం ఈ కాలానికి మరీ తక్కువ, పెంచాల్సిందే. కానీ అసలు దెబ్బ లైసెన్స్ సస్పెన్షన్, రద్దు. లైసెన్స్ లేకుండా అమ్మితే, అమ్మకానికి ఉంచితే 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా జీవిత ఖైదు. సంస్థ పేరు మీద వ్యాపారం నడుస్తుంటే బాధ్యత చూసే భాగస్వాములూ దోషులవుతారు. తమకు తెలియకుండా జరిగిందనీ, తగిన జాగ్రత్త అంతా తీసుకున్నామనీ నిరూపించుకుంటేనే బయటపడతారు. రాత్రివేళ సంతకాలు పెట్టిన ఆ లెక్కల పుస్తకం ఇక్కడ అక్కరకొస్తుంది.

మా కాంప్లెక్సులో తుపాకీ దుకాణం ఉంది. పొరుగువాళ్లుగా మేం అడగవచ్చా?

అడగవచ్చు. సరుకెంత ఉందో, ఎక్కడ పెట్టారో అడగకండి, ఆ వివరం బయటికి రాకపోవడమే అందరికీ మంచిది. లైసెన్స్ అమల్లో ఉందా, చివరి తనిఖీ ఎప్పుడైంది, ఫైర్ ఎన్‌ఓసీ ఉందా అని లైసెన్సింగ్ అధికారికీ, అగ్నిమాపక శాఖకూ రాయవచ్చు. సమాచార హక్కు చట్టం ఉంది. ఆయుధాల చట్టం కింద నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పాల్సిన బాధ్యతను సెక్షన్ 36 ప్రతి పౌరుడి మీదా పెట్టింది.

తుపాకీ డిపాజిట్ చేసి ఏడాది దాటినవాళ్లు ఈ వారమే రసీదు పట్టుకుని దుకాణానికి వెళ్లండి. మీ తుపాకీ బయటికి తీయించి, నంబరు రసీదుతో సరిపోల్చి, తేదీ వేయించుకుని రండి.